అద్దానికి నంబరు

భద్రాచలం గారు తెల్లరంగు డబ్బా పట్టుకుని వరండాలోకి వచ్చారంటే ఆఫీసులో మనుషులు కూడా ఎందుకైనా మంచిదని కాస్త పక్కకి తప్పుకునేవారు. ఆయన రాష్ట్ర గగనయాన శిక్షణ మండలికి స్టోర్సు ఆఫీసరు. మండలి తాలూకు ప్రతి వస్తువు మీదా సన్నకుంచెతో నంబరు ఆయనే స్వయంగా రాస్తారు. ఫ్యాన్లకి రాశారు, బల్లలకి రాశారు, వాచ్‌మన్ చేతికర్రకి రాశారు. ఆవరణలో ఉన్న వేపచెట్టుకి కూడా రాశారు. చెట్టు లావెక్కేకొద్దీ అంకెలు సాగిపోతున్నాయని ఏటా చెరిపి మళ్లీ రాస్తారు. ఒకసారి ప్రహరీ మీద ఎండకి పడుకున్న పిల్లికి రాయబోతే అది ఒప్పుకోలేదు. ఒప్పుకుని ఉంటే ఈపాటికి దానికి పెన్షన్ వస్తూ ఉండేది.

ఈ మండలి విమానం నడపడం నేర్పుతుంది. విమానం మాత్రం లేదు. రన్‌వే ఉంది గానీ దాని మీద చుట్టుపక్కల రైతులు మిరపకాయలు ఆరబోసుకుంటారు. ఖాళీ చెయ్యమని ఎవరన్నా వెళ్లి అడిగితే, "విమానం వచ్చేరోజు ఓ మాట చెప్పండయ్యా, ఎత్తేస్తాం" అంటారు. పాపం, వాళ్లు మాట తప్పే మనుషులు కారు, విమానమే రాలేదు. అందుకని మండలివారు ఒక హాల్లో సిమ్యులేటర్ పెట్టుకున్నారు. విమానం ముక్కు ఆకారంలో ఓ డబ్బా, అందులో పైలట్ సీట్లు, మీటలు, ఎదురుగా మొదలై భుజాల వెనకదాకా చుట్టుకున్న తెర. తెర మీద ఆకాశం, మేఘాలు, కింద పొలాలు, దూరంగా రన్‌వే. ఆ రన్‌వే మీద మిరపకాయలు ఉండవు.

తెర మీది విమానానికి రంగూ రూపూ దిద్దేది ప్రసూన. కంప్యూటర్లో తయారయ్యే ప్రతి వస్తువుకీ పైన ఒక తొడుగు ఉంటుంది, దాన్ని టెక్స్చర్ అంటారు. సీటుకి తోలు తొడుగు, మీటకి అరిగిన ఇనుము తొడుగు. అవన్నీ చకచకా చేసేసింది గానీ ముందద్దం దగ్గరికి వచ్చేసరికి ఆమెకి పంతం పట్టుకుంది. అద్దం అంటే ఉండాలి, కనిపించకూడదు. వానాకాలమంతా ఆర్టీసీ బస్సులో ముందు సీటు కోసం తోటి ఆడవాళ్లతో పోట్లాడి, అద్దం మీద చినుకు ఎలా పడుతుందో, ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ పక్క చినుకుతో కలిసి జారుతుందో చూసి చూసి మెడ పట్టేయించుకుంది. చివరికి ఎలాంటి అద్దం చేసిందంటే, వాన పడితే తప్ప అది ఉన్నట్టు దేవుడికి కూడా తెలీదు. ప్రసూనకి తన పనంటే గర్వం. ఆ గర్వం న్యాయమైనదే.

సరిగ్గా అప్పుడే భద్రాచలం గారు ఆస్తుల తనిఖీకి వచ్చారు.

సిమ్యులేటర్లో కూర్చున్నారు. సీటుకి నంబరు రాశారు. మీటలకి రాశారు. తర్వాత తలెత్తి తెరవైపు చూశారు, కళ్లజోడు తీసి చూశారు, పెట్టుకుని చూశారు.

"అమ్మా ప్రసూనా, ముందద్దం ఏదమ్మా?"

"ఎదురుగా ఉంది కదండీ. దాంట్లోంచే చూస్తున్నారు మీరు."

"అదేనమ్మా నా బాధ. దాంట్లోంచి చూస్తున్నాను. దాన్ని చూడట్లా."

"అద్దం అంటే అంతే కదండీ!"

"మా ఇంట్లో బీరువాకి అద్దం ఉందమ్మా. చక్కగా కనిపిస్తది. మరకలు, బొట్టుబిళ్లలు, అన్నీను. ఇదేంటి? సదరు అద్దం అందినట్టు కాగితంలో ఉంది, కంటికి లేదు. అంటే ఏంటన్నట్టు? పోయిందన్నట్టు. పోతే ఎవరి మీదకొస్తది?"

ఎవరి మీదకొస్తుందో చెప్పకుండా ఆయన కుంచె కడుక్కుని వెళ్లిపోయారు. తనిఖీ పూర్తి కాలేదని, పూర్తయ్యేదాకా సిమ్యులేటర్ మీద పరీక్షలు జరపరాదని మధ్యాహ్నానికల్లా నోటీసు అతికించేశారు.

ఆ నోటీసు చూసి షాహీన్ అక్కడే మెట్టు మీద కూలబడింది. షాహీన్ తెనాలి పిల్ల. వాళ్ల నాన్న లారీలకి అద్దాలు బిగిస్తాడు. శిక్షణంతా అయిపోయింది, దిగే పరీక్ష ఒక్కటే మిగిలింది. వాన పడుతుండగా విమానాన్ని రన్‌వే మీద దించాలి. దించితే పైలట్ కోర్సుకి పంపిస్తారు. ఈ నెలాఖరు దాటితే వయసు మీరిపోయిందంటారు, మరి అటు గుమ్మం తొక్కనివ్వరు.

"అక్కా, ఇన్నాళ్లూ కూర్చుని నేర్చుకుంది ఒక అద్దం కనిపించలేదని పోవాలా?" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ప్రసూనకి ఒళ్లు మండిపోయింది. తన అద్దం మరీ బాగుండటం వల్లే ఈ పిల్లకి ఈ గతి పట్టింది. "నువ్వు ఏడవకు. కనిపించేలా చేస్తాను, ఎంత పనీ?" అంది. అలా అనకుండా ఉండాల్సింది.

డైరెక్టర్ త్రివిక్రమరావు గారు విషయాన్ని కూలంకషంగా పరిశీలించారు. ఆయన ఏ విషయాన్నయినా కూలంకషంగానే పరిశీలిస్తారు. పొద్దున టిఫిన్‌లోకి ఇడ్లీయా, పెసరట్టా అన్నది కూడా.

"చూడండి ప్రసూన గారూ! కంటికి కనబడని ఆస్తి అనేది ప్రజల విశ్వాసానికి విఘాతము. పారదర్శకత అనేది మన పాలనలో ఉండవలెను గానీ అద్దములలో ఉండరాదు. కావున సదరు అద్దము కనబడవలెను. దాని పైన నంబరు కూడా వేయవలెను."

ప్రసూన వెళ్లి అద్దం మూలన బుల్లి అంకెలతో నంబరు వేసింది. చూడటానికి ముద్దుగా ఉంది. భద్రాచలం గారు గుమ్మం దగ్గర నుంచుని, "ఇక్కడికి కనిపించట్లేదమ్మా" అన్నారు. పెద్దది చేసింది. వరండాలోకి వెళ్లి నుంచుని, "ఇక్కడికి కూడా కనిపించాలి" అన్నారు. ఇంకా పెద్దది చేసింది. చివరికి అంకెలు అద్దానికి ఆ చివర నుంచి ఈ చివరిదాకా వచ్చాయి. అప్పుడాయన బాగా ఆలోచించి, "బయటి వైపు కూడా రాయమ్మా, తిరగేసి" అన్నారు.

"బయట ఆకాశం కదండీ? అక్కడుండి ఎవరు చదువుతారు?"

"ఇన్‌స్పెక్షన్ ఎట్నుంచైనా రావచ్చమ్మా. ముప్పయ్యేళ్ల సర్వీసు నాది, నన్నడుగు."

అంకెల చుట్టూ అద్దం కూడా కనిపించాలన్నారు కాబట్టి ప్రసూన మెరుపు పెంచింది. మెరుపు పెరిగేసరికి అద్దంలో నీడ తేలింది. అసలు పైలట్ కూర్చుంటే ఎలా పడుతుందో అలా, తెల్ల చొక్కా, టోపీ పెట్టుకున్న ఒక మనిషి నీడ. అద్దంలో అలాంటిది ఉండాలని ముచ్చటపడి మొదట్లో ఆమే వేసింది, అది ఇప్పటిదాకా ఎవరికీ కనిపించలేదు. డైరెక్టర్ గారు వచ్చి సీట్లో కూర్చోగానే ఉలిక్కిపడ్డారు.

"ఎవరాయన? విమానమునకు వెలుపల ఏమి చేయుచున్నాడు?"

"ఎవరూ కాదండీ, నీడ. పైలట్ నీడ."

"లోపలికి వచ్చుటకు అనుమతి ఉన్నదా? మెడలో గుర్తింపు కార్డు ఏదీ?"

ప్రసూన నోరెళ్లబెట్టింది. తర్వాత నోరు మూసుకుని వెళ్లి, నీడ మెడలో గుర్తింపు కార్డు వేలాడదీసింది. మర్నాడు డైరెక్టర్ గారు మళ్లీ వచ్చి కూర్చున్నారు. నీడ కూర్చునే ఉంది. ఆయన మొహం కందగడ్డలా అయిపోయింది.

"నేను వచ్చితిని. అతడు లేవలేదు!"

"నీడ ఎలా లేస్తుందండీ?"

"ఎట్లు లేవదో నేనునూ చూచెదను. తక్షణమే సస్పెండు చేయుచున్నాను."

హమ్మయ్య, కనీసం ఆ నీడైనా పోతుంది, అంతమేరకి షాహీన్‌కి దారి కనిపిస్తుంది అనుకుంది ప్రసూన. అలా పోవడానికి అది ప్రైవేటు కంపెనీయా? సస్పెన్షన్‌లో ఉన్నవారు హెడ్‌క్వార్టర్స్ వదిలి వెళ్లకూడదు. కాబట్టి నీడ అద్దంలోనే ఉండాలన్నారు, కింద "వీరు సస్పెన్షన్‌లో ఉన్నారు" అని బోర్డు పెట్టమన్నారు. పెట్టింది.

ఒకసారి అద్దం మీద రాయొచ్చని తెలిశాక ఇక ఆగేదెవరు? విమానము కదులుచుండగా తలయు చేతులును బయట పెట్టరాదు. పొగ త్రాగరాదు. పైలట్‌తో మాట్లాడరాదు. ఈ ఆఖరిదాని గురించి షాహీన్, "నేనే పైలట్‌ని కదక్కా, నాతో నేను మాట్లాడుకోకూడదా?" అని అడిగింది. వీటి మధ్యలో డైరెక్టర్ గారు రెండు చేతులూ జోడించి పండగ శుభాకాంక్షలు చెబుతున్న ఫొటో. ఏ పండగన్నది రాయలేదు, ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది కదా అని.

దాంతో అద్దం నిండిపోయింది. ఆకాశం బొత్తిగా కనిపించడం మానేసింది. అప్పుడు డైరెక్టర్ గారికి వాస్తు గుర్తొచ్చింది.

"ఈశాన్యము బరువెక్కినది. తెరిచి ఉంచవలెను."

ప్రసూనకి ప్రాణం లేచొచ్చింది. "తెరుస్తానండీ! కానీ విమానం తిరుగుతుంది కదా, ఈశాన్యం ఒకచోట ఉండదు."

"అయినచో ఖాళీయునూ తిరుగును."

చేసింది. అరచెయ్యంత కన్నం, ఎప్పుడూ ఈశాన్యం వైపే ఉండేలా. విమానం తిరిగితే ఆ కన్నం అద్దం మీద జరుగుతూ పోతుంది. షాహీన్ అందులోంచి చూస్తూ నడపడానికి ప్రయత్నించింది. విమానం ఈశాన్యానికి వెళుతున్నంతసేపూ బ్రహ్మాండంగా ఉంది, పొలాలు, కాలవలు అన్నీ కనిపించాయి. కానీ దిగాల్సిన రన్‌వే పడమటి ముఖంగా ఉంది. అటు తిప్పేసరికి కన్నం మెల్లగా జారుకుంటూ ఆమె కుడిభుజం వెనక్కి వెళ్లిపోయింది. పిల్ల వెనక్కి తిరిగి, వెళ్లిపోతున్న ఊళ్లని చూస్తూ, ముందుకి దిగడానికి చూసింది. విమానం వెళ్లి వెళ్లి చేపల చెరువులో పడింది.

తెర ఎర్రబడి ఆగిపోయింది. షాహీన్ తల మీటల మీద ఆనించేసింది. డైరెక్టర్ గారు మాత్రం లేచి చప్పట్లు కొట్టారు.

"విమానము తునాతునకలైనది. అద్దము చెక్కు చెదరలేదు. నంబరు స్పష్టముగా ఉన్నది! ప్రసూన గారూ, మీకు నా హృదయపూర్వక అభినందనలు. సోమవారమే పరీక్ష పెట్టించెదను."

"అయ్యా, ఆ పిల్లకి దారి కనిపించట్లేదండీ!"

"పైలట్‌కు కావలసినది దారి కాదు, క్రమశిక్షణ," అని ఆయన టీకి వెళ్లిపోయారు.

షాహీన్ బయటికి వచ్చి ముఖం కడుక్కుంది. "నాన్నకి ఫోన్ చేసి చెప్పేస్తానక్కా. లారీ అద్దాలే బిగించుకుంటా. వాటిల్లోంచి ముందు రోడ్డన్నా కనిపిస్తది" అంది. నవ్వుతూ అనబోయింది గానీ నవ్వు రాలేదు. ప్రసూనకి ఆ మాట గుండెలో గుచ్చుకుంది. ఇన్ని బోర్డులు రాసింది తన చెయ్యే కదా. ఇక ఆ చెయ్యి ఊరుకోకూడదనుకుని తిన్నగా భద్రాచలం గారి గదికి వెళ్లింది.

ఆ గదిలో ఆమె ఇదివరకు చాలాసార్లు కూర్చుంది, కానీ ఎప్పుడూ పట్టించుకోలేదు. ఇప్పుడు చూస్తే గదంతా కొత్తగానే ఉంది. కుర్చీకి షాపులో తొడిగిన ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది, ఆయన దాని మీదే కూర్చుంటున్నారు. టీవీకి కవరు, రిమోటుకి కవరు, కవరుకి రబ్బరు బ్యాండు. మూలన మంచినీళ్ల కూలర్ ఉంది, దాని చుట్టూ ఇనప జాలీ, జాలీకి తాళం. మండలి పెట్టినప్పట్నుంచి అందులోంచి ఎవరూ గుక్కెడు నీళ్లు తాగలేదు కాబట్టి అది కొత్తపెళ్లికూతురిలా మెరుస్తోంది. భద్రాచలం గారు ఇంట్లోనూ అంతే. కొత్త స్టీలు గిన్నెలు బీరువాలో పెట్టి, సొట్టగిన్నెల్లో తింటారు. ప్రసూన ముఖంలో వెలుగొచ్చింది.

"నంబరు వేసిన అద్దం ఎలా ఉందండీ?" అని అడిగింది.

"అద్భుతం తల్లీ. నా సర్వీసులో ఇంత బాగా కనిపించే అద్దం చూడలా."

"అదేనండీ నా దిగులు." ఆమె గొంతు తగ్గించింది. "అంత మంచి అద్దాన్ని వాడకంలో పెట్టేస్తున్నాం. రోజూ దాంట్లోంచి ఎవరెవరో చూస్తారు. చూసి చూసి అరిగిపోదూ?"

భద్రాచలం గారి చేతిలో టీ గ్లాసు అలాగే ఆగిపోయింది.

"అయ్యో," అన్నారు. "అయ్యయ్యో! నాకు తట్టనే లేదమ్మా! సోమవారం పరీక్ష కూడానూ! చెరువులో పడేస్తోందిట కదా ఆ పిల్ల, తడిస్తే అంకెలు చెరిగిపోవూ?"

"చెరిగిపోతాయండీ. మరి ఎవరి మీదకొస్తది?"

ఇక ఆయన్ని ఆపడం ప్రసూన తరం కాలేదు. అద్దాన్ని అప్పటికప్పుడు విమానంలోంచి తీయించారు. అంకెలు, బోర్డులు, ఫొటో, సస్పెన్షన్‌లో ఉన్న నీడ, కన్నం, మొత్తం తొడుగు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, పెన్‌డ్రైవ్‌ని పసుపు గుడ్డలో చుట్టి, లక్క పోసి ముద్ర వేసి, ఆయన చేతులతోనే బీరువాలో పెట్టారు. తాళం చెవి మొలతాడుకి కట్టుకున్నారు. అద్దము కనబడినది, నంబరు కలిగి ఉన్నది, భద్రముగా ఉన్నది అని తనిఖీ కాగితం మీద సంతకం చేస్తుంటే ఆయన కళ్లు చెమర్చాయి.

"నీలాంటివాళ్లు ఊరికొక్కరున్నా చాలమ్మా" అన్నారు.

ఆ సాయంత్రం ప్రసూన తన గదికి వచ్చి, మొదట చేసిన తొడుగుని మళ్లీ విమానానికి ఎక్కించింది. మొదట వేసిన ఆ నీడని మాత్రం చెరిపేసింది. ఎందుకొచ్చిన గొడవ, మళ్లీ లేవలేదంటారు.

సోమవారం పొద్దున డైరెక్టర్ గారు మంకీ క్యాప్ పెట్టుకుని వచ్చారు. మెడ చుట్టూ మఫ్లరు, చెవుల్లో దూది. అద్దం లేని విమానంలో గాలి మొహాన కొడుతుందని వారు కూలంకషంగా పరిశీలించారట. అద్దము స్టోర్సులో ఉన్నంతకాలము అందరును శిరస్త్రాణము ధరించవలెనని అప్పటికే ఉత్తర్వు ఇచ్చేశారు. షాహీన్‌కి కూడా ఒక మంకీ క్యాప్ ఇచ్చారు, దాని మీద తెల్లరంగుతో నంబరుంది. మే నెల. చెమటలు కారిపోతున్నాయి.

"గాలి ఎక్కువగా ఉన్నది," అన్నారు డైరెక్టర్ గారు వెనక సీట్లో వణుకుతూ. "కాగితములు ఎగురును, గట్టిగా పట్టుకొనుడు." భద్రాచలం గారు కాగితాలని గట్టిగా పట్టుకున్నారు.

విమానం లేచింది. షాహీన్ కళ్ల ముందు ఆకాశం ఈ చివర నుంచి ఆ చివరిదాకా తెరుచుకుంది. ఆమె ఒక్క క్షణం ఏమీ చెయ్యకుండా చూస్తూ ఉండిపోయింది. తర్వాత చేతులు కదిలాయి. మెల్లగా పడమటికి తిప్పింది. మేఘాలు కమ్ముకున్నాయి. పరీక్షలో ఉన్నట్టుగానే వాన మొదలైంది.

"తడిసిపోవుచున్నాము!" అని కేకేశారు డైరెక్టర్ గారు. భద్రాచలం గారు చటుక్కున నల్ల గొడుగు విప్పారు. దానికీ నంబరుంది. ఆ గొడుగు కింద ఇద్దరూ ఒదిగి కూర్చున్నారు, డైరెక్టర్ గారు పంచె తడవకుండా పైకి మడుచుకున్నారు. ప్రసూన పళ్ల బిగువున నవ్వాపుకుంటూ షాహీన్ సీటు పక్కన నుంచుంది. రన్‌వే దగ్గరికొస్తోంది. సన్నటి బూడిద గీత వెడల్పయింది, దీపాలు కనిపించాయి. షాహీన్ పెదవి కొరుక్కుంది. ముక్కు కొద్దిగా పైకెత్తింది, చక్రాలు నేలని తాకాయి, ఒకసారి ఎగిరిపడి, మళ్లీ తాకి, తిన్నగా పరుగెత్తి ఆగిపోయాయి.

"దిగాం," అంది షాహీన్, తనకే నమ్మకం లేనట్టు. "అక్కా, దిగాం!"

"ఉత్తీర్ణురాలు! ఉత్తీర్ణురాలు!" అన్నారు గొడుగు కిందనుంచి డైరెక్టర్ గారు. వెంటనే గట్టిగా తుమ్మారు. మళ్లీ తుమ్మారు. జలుబు చేసిందని, సెలవు పెట్టి ఇంటికి వెళ్లాలని, ముందు ఈ కాగితం మీద సంతకం చేసేస్తానని చెప్పి చేసేశారు. భద్రాచలం గారు ఆయన తల తుడవడానికి తువ్వాలు కోసం తడుముకుంటున్నారు.

విమానం రన్‌వే మీద ఆగి ఉంది. వాన ఇంకా పడుతోంది. షాహీన్ మంకీ క్యాప్ పైకి తోసి ఎదురుగా చూసింది. ఒక చినుకు పైనుంచి బయల్దేరి, కాస్త ఆగి, పక్క చినుకుని కలుపుకుని, వంకరగా కిందికి జారింది. ఆమె అద్దాలింటి పిల్ల. కళ్లు పెద్దవి చేసి ప్రసూన చెయ్యి పట్టుకుంది.

"అక్కా! చినుకు జారుతోంది! ఉత్త గాల్లో అయితే జారదు కదా? అంటే అద్దం..."

ప్రసూన గభాల్న ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. వెనక గొడుగు వైపు చూసింది. వాళ్లిద్దరూ అద్దంలోంచి వానని చూస్తున్నారు.

"నీకు దణ్ణం పెడతానే తల్లీ, గట్టిగా అనకు," అంది చెవిలో. "ఉందని తెలిస్తే నంబరేస్తారు."